జాగ్రత్తమ్మ తవ్విన రెండు సొరంగాలు

ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ జీతం ఇచ్చే రోజున తప్ప దాంతో ఎవరికీ పనిపడేది కాదు. ఆఫీసులో అందరూ జాగ్రత్తమ్మ అనే పిలిచేవారు. లిఫ్ట్ ఎక్కదు, మోకాళ్ళు నొప్పులు పుట్టినా మెట్లే ఎక్కుతుంది. తలుపుకి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూస్తుంది. మళ్ళీ నాలుగడుగులు వేశాక ఇందాక సరిగ్గా లాగానా లేదా అని అనుమానం. స్కూటర్ మీద వెళుతుంటే సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టి మరీ దాటిపోతారు. తాడుని చూసి పామనుకునే రకం అని నవ్వేవాళ్ళు నవ్వనీ. పాముని చూసి తాడనుకునేవాళ్ళకంటే నయమే కదా!

ఆ భయం ఊరికే రాలేదు. ఆమె తండ్రి కరెంటు లైన్‌మన్. ఆమె చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో ఒకసారి, "లైను ఆపేశాం, ఎక్కు" అని కిందనుంచి తోటి మనిషి అంటే నమ్మి స్తంభం ఎక్కాడు. ఆపింది పక్క లైను. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి వంకరపోయింది. ఇప్పటికీ చొక్కా గుండీలు ఇంట్లో ఎవరో ఒకరు పెట్టాల్సిందే. "ఎక్కు" అన్నవాడు శత్రువేం కాదు, పెళ్ళికి ముందునుంచీ స్నేహితుడు. అతను ఆస్పత్రికి రాలేదు, ఇంటికి రాలేదు, వీధిలో ఎదురుపడితే చటుక్కున పక్క సందులోకి తిరిగిపోయేవాడు. తండ్రికి చెయ్యి పోయినందుకంటే ఆ స్నేహితుడు మొహం చాటేసినందుకే ఎక్కువ బాధేసింది. "వచ్చి తప్పయిందంటే నేనేమన్నా కొరికేస్తానా?" అని ఇప్పటికీ అంటాడు. ఇదంతా చూస్తూ పెరిగిన కూతురికి భయం ఒంటికి పట్టేసింది. తమ్ముడు అప్పటికింకా ఉయ్యాల్లో ఉన్నాడు కాబట్టి వాడికి అంటలేదు.

ఇక ఆమె పని సంగతి. చిన్న చిన్న ఆఫీసుల్లో రౌటర్లు పెట్టి, ఒక ఆఫీసునీ ఇంకో ఆఫీసునీ ఇంటర్నెట్ మీదుగా కలపడం. వీపీఎన్ అంటారు. తండ్రి అడిగితే సొరంగం అని చెప్పింది. అందరూ తిరిగే రోడ్డు కిందనుంచి మనకు మాత్రమే తెలిసిన దారి తవ్వుకుని, రెండు చివరలా తాళాలు వేసుకోవడం. ఆ తవ్వకానికి రకరకాల పద్ధతులున్నాయి, పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. ప్లీడరుగారి ఆఫీసుకి ఐపీసెక్ పెట్టింది, అవతలి పెద్ద కంపెనీ రౌటర్‌కి అదొక్కటే అర్థమవుతుంది గనక. కళ్ళజోళ్ళ షాపుకి వైర్‌గార్డ్. అక్కడి రౌటర్ అరచేతిలో పట్టేంతది, బరువు మోయలేదు, వైర్‌గార్డ్ తేలిక. కొన్నిచోట్ల ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు ఆ వైర్‌గార్డ్‌ని ఒక్కోసారి దారిలోనే ఆపేస్తారు. అలాంటిచోట ఓపెన్‌వీపీఎన్. అది నత్తనడక నడుస్తుంది గానీ మామూలు వెబ్‌సైట్ల దారినే పోతుంది, దాన్నెవరూ ఆపరు.

దూరాన ఉన్న రౌటర్‌ని కూర్చున్నచోటినుంచి మార్చడమంటే కూర్చున్న కొమ్మని నరకడంలాంటిది. ఒక్క తప్పు కొట్టామా, మనం మాట్లాడుతున్న దారే తెగిపోతుంది. మళ్ళీ అక్కడికి పోయి రౌటర్ ముందు కూర్చుంటే తప్ప బాగుపడదు. అందుకని జాగ్రత్తమ్మ రెండు జాగ్రత్తలు పడేది. మొదటిది గడువు పెట్టడం. "పది నిమిషాల్లోపు నేను మళ్ళీ పలకకపోతే నీ అంతట నువ్వే ఆగి, చివరిసారి సేవ్ చేసిన పాత పద్ధతిలో లేచి కూర్చో" అని రౌటర్‌కి ముందే చెప్పిపెడుతుంది. ఏదైనా తెగినా పది నిమిషాలకి పాత దారి దానంతటదే తిరిగొస్తుంది. ఈ గడువు ఆమెను ఎన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు. రెండోది సేవ్ చేయడం. ఒకప్పుడు కరెంటు పోయి రోజంతా చేసిన పని గంగలో కలిసింది. అప్పటినుంచి గీత గీస్తే సేవ్, చుక్క పెడితే సేవ్. ఆమె చేతికి అది ఊపిరి తీసుకోవడం లాంటిదైపోయింది.

ఈ రెండు జాగ్రత్తలూ ఒకదాన్నొకటి మింగేస్తాయని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

ఆమె జీతానికి పనిచేసేది చేపలు, బఠాణీలు గడ్డకట్టించి అమ్మే ఒక చిన్న కంపెనీలో, బయటి ఆఫీసుల పనులు ఖాళీ వేళల్లో చేసేది. ఊళ్ళో రెండో అంతస్తులో పెద్దాఫీసు. ఊరి బయట, రైలు గేటు దాటాక, కోల్డ్ స్టోరేజి గోడౌన్. గోడౌన్‌లో పనిచేసేది ఆమె తమ్ముడే. సరుకు దింపే రోజున లారీవాళ్ళు వస్తారు, మిగతా వేళల్లో వాడొక్కడే. చలిగది గోడలు మూరెడు మందం. లోపల ఫోన్ పలకదు, అరిస్తే బయటికి వినపడదు. తలుపుకి లోపలివైపు ఒక పిడి ఉంది గానీ మంచు పేరుకుని ఒక్కోసారి బిగుసుకుపోతుంది. బాగుచేయిస్తా, బాగుచేయిస్తా అంటూ యజమాని కాలం గడుపుతున్నాడు. అందుకే జాగ్రత్తమ్మ పోరుపెట్టి లోపల ఒక ఎర్ర బటన్ పెట్టించింది. లోపల ఇరుక్కున్నవాడు అది నొక్కితే కబురు గోడౌన్ రౌటర్‌కి చేరి, సొరంగంలోంచి వచ్చి, పెద్దాఫీసులో ఆమె బల్ల మీదున్న సైరన్ మోగిస్తుంది. దారి బాగున్నంతసేపు ఆమె స్క్రీన్ మీద పచ్చదీపం వెలుగుతుంది.

"నీ బటన్ పుణ్యమా అని నన్ను చంటిపిల్లాణ్ణి చేశావక్కా" అని తమ్ముడు ఏడిపించేవాడు. "లోపల కాలుజారితే కూడా నొక్కమంటావా?"

"నొక్కు. తుమ్మొచ్చినా నొక్కు."

తలుపు మూసుకోకుండా వాడు ఖాళీ పెట్టె ఒకటి అడ్డం పెట్టేవాడు. పెట్టె ఉంది, బటన్ ఉంది, అటువైపు అక్క ఉంది. ఇంక భయమెందుకు?

ఆ సొరంగం మాత్రం పాతకాలంది. పీపీటీపీ అని, దాని తాళం తీయడం నేర్చిన దొంగకి నల్లేరు మీద నడక. మార్చాలని ఆమె ఎప్పటినుంచో అంటోంది. చివరికి యజమాని సరేనన్నాడు. గోడౌన్‌లో ఉన్నది సిమ్ కార్డు ఇంటర్నెట్, వైర్‌గార్డ్ ఒక్కటే పెడితే ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఓపెన్‌వీపీఎన్ ఒక్కటే పెడితే ఈడుస్తూ నడుస్తుంది. "ఒకటికి రెండుంటే మంచిదేగా తల్లీ, రెండూ పెట్టు" అన్నాడు యజమాని. ఆమెకూ ఆ మాట నచ్చింది. మామూలుగా వైర్‌గార్డ్, అది పడిపోతే ఓపెన్‌వీపీఎన్. భయస్థులకి రెండో దారి ఉందంటే ప్రాణం లేచివస్తుంది.

ఆ రోజు భోజనాలవేళ పని మొదలుపెట్టింది. ముందు తమ్ముడికి ఫోన్ చేసింది.

"నేను చెప్పేదాకా చలిగదిలోకి పోకు. వింటున్నావా?"

"వింటున్నా."

"ఏం విన్నావో చెప్పు."

"నువ్వు చెప్పేదాకా పోను. రాసి సంతకం పెట్టమంటావా?"

గడువు పెట్టింది. పాత సొరంగం మూసి వైర్‌గార్డ్ తెరిచింది. పచ్చదీపం ఒక్క క్షణం ఆరి, తిరిగి వెలిగింది. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఓపెన్‌వీపీఎన్‌ని కూడా లేపింది గానీ సిమ్ సిగ్నల్ నీరసంగా ఉండి అది నింపాదిగా లేస్తోంది. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, లారీవాడు చేపల పెట్టెలు ఎండలో దింపేసి పోయాడు. కరిగి నీళ్ళు కారుతున్నాయి. అయిందా లేదా?"

"ఒక్క రెండు నిమిషాలాగు, రెండోది కూడా..."

"దీపం వెలిగిందా?"

"వెలిగిందిలే."

"మరింకేం? ఇవి కుళ్ళితే యజమాని నా తోలు వలుస్తాడు."

ఎవరు తొందరపెట్టినా లొంగని మనిషి, తమ్ముడి గొంతులో కంగారు విని లొంగింది. పైగా దీపం పచ్చగా కళ్ళెదుటే ఉంది.

"సరే, వెళ్ళు" అంది.

అలా మాట్లాడుతూనే ఆమె చెయ్యి దాని అలవాటు ప్రకారం సేవ్ నొక్కేసింది.

ఫోన్ పెట్టేసి మంచినీళ్ళు తాగి చూసేసరికి పచ్చదీపం బూడిదరంగుకి తిరిగింది.

మొదట ఆమెకు భయం వేయలేదు. గడువు ఉందిగా, రౌటర్ పాత పద్ధతికి పోతుంది, అనుకుంది. ఏం జరిగిందో ఆలోచించింది. తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆలస్యంగా లేచిన ఓపెన్‌వీపీఎన్ లేస్తూనే "ఇకనుంచి అన్ని దారులూ నా లోంచే" అంది. మాట వినే రౌటర్, వైర్‌గార్డ్‌ని కూడా దాని లోపలికే తోసింది. వైర్‌గార్డ్‌కి కూడా ఆమె అలాంటి మాటే చెప్పి ఉంచింది, కాబట్టి అది ఓపెన్‌వీపీఎన్‌ని తన లోపలికి లాక్కుంది. ఒక సొరంగం ఇంకో సొరంగంలోంచి, ఆ రెండోది మొదటిదాంట్లోంచి. బయటి రోడ్డు మీదికి వచ్చేది ఏదీ లేదు. బయటికి పోయే దారిని విడిగా ఉంచాలని ఒక్క వరుస రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. పోనీలే, గడువు అయ్యాక మళ్ళీ సరిగ్గా రాద్దాం అనుకుంటూ స్క్రీన్ చివర చూసింది. అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది, సేవ్ అయింది అని.

ఇంకోసారి చదివింది. అదే ఉంది.

గడువు తీరాక రౌటర్ లేచేది చివరిసారి సేవ్ చేసినదానితోనే. చివరిసారి సేవ్ చేసింది ఈ తప్పునే. ఈసారి రెండూ లేస్తూనే ఒకదాన్నొకటి మింగి కూర్చుంటాయి. పది నిమిషాలు కాదు, పదేళ్ళు ఆగినా ఆ దీపం వెలగదు.

తమ్ముడికి ఫోన్ చేసింది. మోగింది, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగి ఆగింది. అంటే ఫోన్ బయటే ఎక్కడో పెట్టి లోపలికి పోయాడు. తను వెళ్ళమంది గనక వెళ్ళాడు. అడ్డం పెట్టిన పెట్టె ఉంటుంది కదా అని మనసుకి చెప్పుకుంది. వెంటనే ఆ పెట్టె ఎంత తేలికో గుర్తొచ్చింది. ట్రాలీ చక్రం తగిలితే చాలు.

"బాబాయ్" అంది.

పక్కబల్ల దగ్గర అకౌంటెంటు బాబాయి డబ్బా మూత తీస్తున్నాడు. ఆయన వయసులో పెద్దవాడు గనక ఆఫీసంతటికీ బాబాయే. సంగతి విని, "వాడేమన్నా పసివాడా అమ్మా? లోపల పెట్టెలు సర్దుకుంటూ ఉంటాడు. ముందు నాలుగు ముద్దలు తిను, అప్పటికీ ఎత్తకపోతే చూద్దాం" అన్నాడు. పోయిన వారం గ్యాస్ వాసన వస్తోందని ఆమె ఆఫీసంతా ఖాళీ చేయించింది. తీరా చూస్తే అది నేల తుడిచే మందు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఎన్నిసార్లని లేస్తాడు?

ఆమెకే సందేహం వచ్చింది. మళ్ళీ నవ్వులపాలవుతానేమో. ఒకవేళ తను అంత దూరం పడుతూ లేస్తూ పోతే, తమ్ముడు గడప మీద కూర్చుని చేపలు లెక్కపెడుతూ "ఏంటక్కా, తుమ్మొచ్చిందా?" అంటాడేమో. కుర్చీలో కూర్చోబోయింది. కూర్చోలేకపోయింది. తండ్రి వంకరచెయ్యి కళ్ళముందు కదిలింది. "ఎక్కు" అన్నవాడికి కూడా ఎక్కడో పచ్చదీపం కనిపించే ఉంటుంది.

"మీరు వాడికి ఫోన్ చేస్తూనే ఉండండి బాబాయ్. ఆపకండి" అని, మెట్లు రెండేసి చొప్పున దిగింది. వెనక తలుపు తెరిచే ఉండిపోయింది, వెనక్కొచ్చి చూడలేదు.

ఆ రోజు స్కూటర్ మీద ఆమెను చూసినవాళ్ళు ఇంకెవరో అనుకుని ఉంటారు. పళ్ళబండి పక్కనుంచి, స్కూలు గోడ వెంబడి, ఎదురు వచ్చే ఆటోవాడి తిట్లలోంచి దూసుకుపోయింది. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. గూడ్సు బండి. తొందరేమీ లేనట్టు ఒక్కో పెట్టె కదులుతోంది. పక్కనే ఒకడు ఇంజను ఆపి తాపీగా చెవి గోక్కుంటున్నాడు. ఆమెకు వాణ్ణి పట్టుకుని ఏడవాలనిపించింది. లోపల ఎంత చలో ఆమెకు తెలుసు. బటన్ బిగించిన రోజున కాసేపుంటేనే చేతివేళ్ళు చెక్కముక్కల్లా అయిపోయాయి. దేవుళ్ళందరూ అయిపోయారు, ఇంక మొక్కుకోవడానికి ఎవరూ మిగల్లేదు. చివరి పెట్టె వెళ్ళింది, గేటు లేచింది.

గోడౌన్ ముందు చేపల పెట్టెలు కొన్ని ఎండలోనే ఉన్నాయి, కింద నీళ్ళు మడుగు కట్టాయి. మనిషి లేడు. బల్ల మీద ఫోన్ మోగుతోంది, అది బాబాయి చేస్తున్నది. గోడకున్న మేకుకి వాడి మందపాటి కోటు వేలాడుతోంది. ఒక్క నిమిషం పనేగా అని అది కూడా వేసుకోలేదు! అడ్డం పెట్టాల్సిన పెట్టె బోర్లాపడి పక్కకి దొర్లి ఉంది. తలుపు మూసుకుపోయి ఉంది.

బయటి పిడి మీద బరువంతా వేసి లాగింది. మొదటిసారి రాలేదు. రెండోసారి గోడకి కాలు తన్నిపెట్టి లాగితే తెరుచుకుంది. తెల్లటి పొగ మొహాన కొట్టింది.

తమ్ముడు బటన్ కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలు, మీసం తెల్లబడ్డాయి. చెయ్యి మాత్రం పైకెత్తి బటన్ మీదే ఉంచాడు. ఆ చేతిని ఆమె ఊడదీయాల్సి వచ్చింది. చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చి, ఎండలో పడుకోబెట్టి, కోటు కప్పి, పైన తను వాలిపోయింది. ముక్కు దగ్గర చెవిపెట్టి విని, మళ్ళీ పెట్టి విన్నది. ఊపిరి ఆడుతోంది. బాబాయి ఫోన్ మళ్ళీ మోగితే ఎత్తి, అంబులెన్సు పంపమంది.

కాసేపటికి వాడి పెదాలు కదిలాయి. "వచ్చావా" అన్నాడు. మాట ముద్దగా ఉంది. "ఇంత లేటయిందేంటి... రైలు గేటా?"

"గేటే" అంది.

"అనుకున్నా. నేను నొక్కుతూనే ఉన్నానక్కా. ఒకసారి నొక్కాను, మళ్ళీ నొక్కాను... అక్క అక్కడుంది, వినే ఉంటుంది, బయల్దేరే ఉంటుంది అనుకున్నా. అస్సలు భయం వెయ్యలేదు తెలుసా!" నవ్వబోయాడు, మొహం సరిగ్గా కదల్లేదు. "సైరన్ గట్టిగా మోగిందా?"

ఎంత తేలికైన ప్రశ్న! మోగిందిరా అంటే అయిపోతుంది. వాడి నమ్మకం వాడికుంటుంది, తన పరువు తనకుంటుంది. సాయంత్రం కూర్చుని ఆ ఒక్క వరుసా రాసేస్తే ఎవరికీ తెలియదు. బాబాయికి కూడా అంత లోతు అర్థం కాదు. ఆమె నోరు తెరిచింది. వీధిలో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయిన మనిషి వీపు గుర్తొచ్చింది. ఇంట్లో అతని గురించి మాట వచ్చినప్పుడల్లా కనిపించేది ఆ వీపే.

"మోగలేదురా" అంది. "దారి తెగిపోయింది. నేనే తెంపాను. రెండు సొరంగాలు పెట్టి ఒకదాంట్లో ఒకటి ఇరికించేశాను. తప్పు చేసి దాన్నే సేవ్ చేశాను. నువ్వు నొక్కింది ఎక్కడికీ పోలేదు. వెళ్ళు అని చెప్పింది కూడా నేనే."

తమ్ముడు తల కాస్త ఎత్తబోయాడు.

"ఒక్కసారి కూడా మోగలేదా?"

"లేదు."

"మరి ఎలా వచ్చావు?"

"భయమేసింది. వచ్చేశాను."

వాడు నవ్వుతాడనుకుంది. ఆ మాటకి వాడు నవ్వని రోజు లేదు. వాడి చూపు ఆమె మీదనుంచి తెరిచి ఉన్న తలుపు మీదికి, లోపల గోడమీదున్న ఎర్ర బటన్ మీదికి పోయింది. అప్పుడు మొదలైంది వణుకు. లోపల అంత చలిలో రాని భయం ఎండలో పడుకున్నాక వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. వాడు ఆమె చెయ్యి పట్టుకుని, అంబులెన్సువాళ్ళు వచ్చి వదలమన్నా వదల్లేదు.